హిమపథ నిర్మాత ఆర్మాండ్ బొంబార్డియర్

వరి కోతల కాలంలో బాన్సువాడ పరిసరాల పొలాలను చూసినవారికి ఒక దృశ్యం సుపరిచితం. మంజీరా నదిపై 1923 – 1931 సంవత్సరాల మధ్య నిర్మితమైన నిజాంసాగర్ నీటితో పండే ఆ మాగాణి భూముల్లో, కోతల ముంగిట అకాలవర్షం కురిసిందంటే నేల బురదమయమవుతుంది. పండిన పైరు నేలకు ఒరుగుతుంది. గింజ మొలకెత్తకముందే పంటను ఇల్లు చేర్చాలి. అటువంటి మడిలో టైర్ల మీద నడిచే కోతయంత్రం దిగితే నాలుగు బారలు సాగకముందే దాని చక్రాలు కూరుకుపోతాయి. అప్పుడు రైతు చైన్ మిషన్ కోసం కబురు పంపుతాడు. చక్రాలకు మారుగా వెడల్పైన రబ్బరు పట్టాలపై కదిలే ఆ యంత్రం, ఎంతో బరువు గలదైనప్పటికీ, బురదపై తేలుతున్నట్లుగా సాగిపోతుంది.

బరువైన యంత్రం మెత్తని నేలలో దిగబడకుండా సాగాలంటే ఏమి చేయాలి? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం వెదకడానికే తన జీవితాన్ని వెచ్చించిన గ్రామీణ మెకానిక్ జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్. బాన్సువాడ రైతుకు ఎదురయ్యేది బురద. కెనడా దేశంలోని క్విబెక్ రాష్ట్రంలో పుట్టిన ఆయనకు ఎదురైనది మంచు. మన ప్రాంతంలో మంచు అంటే మార్గశిర, పుష్య మాసాల వేకువలో గడ్డిపరకలపై మెరిసే బిందువులు, పొలాలపై పరచుకొనే పొగమంచు. ప్రొద్దెక్కేసరికి అది అదృశ్యమవుతుంది. క్విబెక్ పల్లెల్లో మంచు అంటే ఆకాశం నుండి దూదిపింజల వలె రాలి, నేలపై పొరలు పొరలుగా పేరుకొని, శీతకాలమంతా కరగకుండా నిలిచే హిమం. ఒక్క తుపాను రాత్రిలో అది మోకాలి లోతుకు చేరవచ్చు. గాలి విసురుకు గోడల పక్కన మనిషి ఎత్తున పోగుపడవచ్చు.

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో అక్కడి పల్లెవాసుల శీతకాలపు బ్రతుకు ఒక విధమైన నిర్బంధమే. రైతుల ఇళ్ళు రహదారికి ఎడంగా, ఎవరి పొలం నడుమ వారివిగా ఉండేవి. ఇంటి గుమ్మం నుండి రహదారి వరకు ఎవరి దారి వారికి ఉండేది. మంచు కురిసిందంటే ఆ ఇంటిదారి, రహదారి రెండూ ఒకే తెల్లని మైదానంగా మారిపోయేవి. పల్లెదారుల్లో చాలావాటిపై మంచు తొలగించే ఏర్పాటు ఉండేది కాదు. మోటారు కార్లు గలవారు వాటిని చలికాలమంతా కొట్టంలో ఉంచి, గుర్రాలు లాగే జారుబండ్లను ఆశ్రయించేవారు. మంచు మరీ లోతైనప్పుడు గుర్రం సైతం కడుపు వరకు కూరుకొని కదలలేకపోయేది. వైద్యుడు రావడం, ఉత్తరాలు అందడం, పిల్లలు బడికి పోవడం – అన్నీ వాతావరణపు దయాదాక్షిణ్యాలపై ఆధారపడి ఉండేవి.

ఇటువంటి పల్లెసీమలో, వాల్కూర్ గ్రామం దగ్గర, 1907 ఏప్రిల్ 16న ఆర్మాండ్ జన్మించాడు. తల్లి ఆన్నా గ్రావెల్, తండ్రి ఆల్‌ఫ్రెడ్ బొంబార్డియర్. ఎనిమిదిమంది సంతానంలో అతడే జ్యేష్ఠుడు. ఫ్రెంచి మాతృభాషగా గల ఆ కాథలిక్ కుటుంబంలో పెద్దకుమారుడు మతగురువు కావాలని తండ్రి ఆకాంక్షించాడు. బాలుని మనసు మాత్రం ఇనుము, కొయ్య, చక్రాల చుట్టూ పరిభ్రమించేది. పనికిరాని గడియారాల భాగాలతో అతడు కదిలే ఆటబొమ్మలను తయారుచేసేవాడు. పద్నాలుగవ ఏట తండ్రి అతనిని షెర్‌బ్రూక్ నగరంలోని మతవిద్యాలయంలో చేర్పించాడు. అక్కడ చదువు సాగుతున్నా, సెలవులకు ఇంటికి రాగానే అతని చేతులు పనిముట్లనే వెదికేవి.

ఇంటి కారును విప్పి చూడాలన్న కుమారుని ఆరాటాన్ని మళ్ళించడానికి తండ్రి ఒక ఉపాయం చేశాడు. పాతబడిన ఫోర్డ్ మోడల్ టి కారు ఇంజనును అతనికి కానుకగా ఇచ్చాడు. బాలుడు దానిని బాగుచేయడంతోనే తృప్తి చెందలేదు. జారుబండ్లను జతపరచి, వాటిపై ఆ ఇంజనును బిగించి, తానే చెక్కిన కొయ్య పంకాను దానికి అమర్చాడు. 1922 డిసెంబరు 31న పదిహేనేండ్ల ఆర్మాండ్ తన తమ్ముడు లియోపోల్డ్‌తో కలిసి ఆ వాహనాన్ని వాల్కూర్ వీధుల్లోకి తెచ్చాడు. పెద్ద శబ్దంతో, గుర్రం లేకుండా మంచుపై పరుగుతీసిన ఆ బండిని గ్రామస్థులు నివ్వెరపోయి చూశారు. రక్షణ లేకుండా గిరగిర తిరిగే పంకా ప్రాణాంతకమని గ్రహించిన తండ్రి వెంటనే దానిని విప్పివేయమని ఆదేశించాడు. కుమారుడు ఆజ్ఞను శిరసావహించాడు. వాహనం విడిపోయింది కాని దానికి పుట్టుకనిచ్చిన ఆలోచన చెక్కుచెదరలేదు.

పదిహేడవ ఏట ఆర్మాండ్ మతవిద్యను విడిచి యంత్రవిద్యను వరించాడు. మొదట సమీప గ్రామమైన సౌత్ స్టక్‌లీలోని ఒక గ్యారేజీలో పనివాడుగా చేరాడు. తరువాత మాంట్రియల్ నగరానికి వెళ్ళి పగలు మెకానిక్‌గా పనిచేస్తూ, సాయంకాలపు తరగతుల్లో యంత్రశాస్త్రాన్ని, విద్యుత్తును అభ్యసించాడు. నాటి శాస్త్రవిషయాల పత్రికలు ఎక్కువగా ఆంగ్లంలో వెలువడేవి. వాటిని చదవడం కోసమే పట్టుదలతో ఆ భాషను నేర్చుకున్నాడు. 1926లో, పందొమ్మిదవ ఏట, స్వగ్రామానికి తిరిగివచ్చి తండ్రి అండతో సొంత గ్యారేజీని నెలకొల్పాడు. కార్లు, నీటిపంపులు, వ్యవసాయ పనిముట్లు – ఏది చెడిపోయినా రైతులు ఆయన దగ్గరకే తెచ్చేవారు. కావలసిన పనిముట్టు అంగడిలో దొరకకపోతే తానే దానిని తయారుచేసుకొనేవాడు. పల్లెలో పేరు నిలబడింది. తండ్రి వద్ద తీసుకున్న అప్పు తీరింది. 1929 ఆగస్టులో ఇవాన్ లాబ్రెక్‌ను వివాహమాడాడు.

వేసవిలో గ్యారేజీకి తీరిక ఉండేది కాదు. చలికాలం రాగానే కార్లన్నీ కొట్టాలకు చేరేవి కనుక బేరం పలచబడేది. ఆ తీరిక నెలలను ఆర్మాండ్ మంచువాహన ప్రయోగాలకు వినియోగించాడు. పాత కార్లకు ముందుచక్రాల స్థానంలో జారుడుపలకలు అమర్చాడు, వెనుక చక్రాలకు పట్టాలు తొడిగాడు. ఏటికేడాది ఒక నమూనా తయారయ్యేది. లోతైన మంచులోకి దిగగానే దానిలో ఏదో ఒక లోపం బయటపడేది. పట్టాలపై నడిచే వాహనాలు ప్రపంచానికి అప్పటికే కొత్త కావు. అమెరికాలో బెంజమిన్ హోల్ట్ 1904లోనే మెత్తని నేలపై పట్టాల ట్రాక్టరును నడిపి చూపాడు. అయితే ఆ యంత్రాలు ఎంతో బరువైనవి, మందగమనం గలవి. రోగిని ఆసుపత్రికి వేగంగా చేర్చగల తేలికపాటి వాహనం మాత్రం పల్లెలకు అందుబాటులో లేదు.

ఆ లోటు ఎంతటిదో 1934 చలికాలంలో ఆర్మాండ్ ఇంటిలోనే తేలిపోయింది. ఆయన కుమారుడు ఇవోన్‌కు అప్పుడు రెండేళ్ళు. ఆ పసివానికి ఉండుకపుచ్ఛం వాచి, లోపల చిట్లి, విషం కడుపంతా వ్యాపించింది. శస్త్రచికిత్స తప్ప వేరు మార్గం లేదు. ఆసుపత్రి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో షెర్‌బ్రూక్ నగరంలో ఉన్నది. నడుమ దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. కారు కదలదు, గుర్రపు జారుబండి సకాలంలో చేరదు. గ్యారేజీలో ఉన్న నమూనా వాహనం ఇంకా ప్రయాణానికి సిద్ధం కాలేదు. బిడ్డ ఇంటిలోనే కన్నుమూశాడు. పన్నెండేళ్ళుగా మంచుపై నడిచే బండి కోసం పాటుపడుతున్న తండ్రికి, ఆ బండి అత్యవసరమైన రోజున అది అక్కరకు రాలేదు.

ఆ తరువాత ఆయన ప్రయోగాలు మరింత తీవ్రమయ్యాయి. సమస్యలోని మూలసూత్రం సులభమైనదే. నేలపై పడే ఒత్తిడి బరువును బట్టి మాత్రమే ఉండదు. ఆ బరువు ఎంత వైశాల్యంపై పరచుకున్నదన్న దానిని బట్టి కూడా ఉంటుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. 600 కిలోల వాహనం నాలుగు చక్రాలూ కలిపి 600 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతున్నదనుకుంటే, ప్రతి చదరపు సెంటీమీటరుపై ఒక కిలో బరువు పడుతుంది. అదే వాహనాన్ని 40 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవు గల రెండు పట్టాలపై నిలిపితే తాకే వైశాల్యం 12,000 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఒత్తిడి ఇరవయ్యో వంతుకు, అంటే 50 గ్రాములకు తగ్గిపోతుంది. మంచు ఆ మాత్రం ఒత్తిడిని భరించగలదు.

చిక్కంతా పట్టాను తిప్పడంలో ఉండేది. ఇనుప పట్టా బరువెక్కువ. రబ్బరు పట్టా తేలికైనదే కాని, తడిమంచు అంటుకోగానే చక్రంపై జారిపోయేది. చక్రానికి, పట్టాకు నడుమ మంచు చేరి గడ్డకట్టేది. 1935 నాటికి ఆర్మాండ్ దీనికి పరిష్కారం సాధించాడు. రబ్బరు తొడిగిన పండ్లచక్రాన్ని ఒకదానిని రూపొందించి, ఇనుప అడ్డుపట్టీలు బిగించిన రబ్బరు పట్టాను దానికి జతచేశాడు. చక్రపు పండ్లు పట్టీల నడుమ ఒదిగి పట్టాను జారనీయకుండా లాగుతాయి. రబ్బరు వంగుతూ ఉండడం వలన మంచు గట్టిగా పట్టుకోదు. ఈ నిర్మాణానికి 1937 జూన్ 29న పేటెంటు లభించింది.

ఈ పట్టాలతో తయారైన తొలి వాహనానికి ఆయన బి–7 అని పేరు పెట్టాడు. బి అక్షరం ఇంటిపేరుకు, ఏడు అంకె అందులో కూర్చునేవారి సంఖ్యకు గుర్తు. ముందు జారుడుపలకలు, వెనుక పట్టాలు, పైన మూసివున్న గది గల ఆ బండ్లను మొదట కొన్నవారిలో పల్లెవైద్యులు ఉన్నారు. ఆ తరువాత తపాలా చేరవేసేవారు, అద్దెబండ్లు నడిపేవారు, మతగురువులు వాటిని ఆశ్రయించారు. పెరిగిన గిరాకీని తట్టుకోవడానికి వాల్కూర్‌లో కొత్త కర్మాగారం వెలసింది. 1942లో ఆర్మాండ్ తన సంస్థను కంపెనీగా నమోదు చేయించాడు. పన్నెండుమంది కూర్చోగల, గుండ్రని కిటికీలు గల బి–12 వాహనం ఆ కాలంలోనే రంగప్రవేశం చేసింది. అది కొన్నిచోట్ల బడిబండిగా, కొన్నిచోట్ల అంబులెన్సుగా, మరికొన్నిచోట్ల సరుకుల బండిగా సేవలందించింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం కోసం కూడా ఆయన పట్టాల వాహనాలను రూపొందించాడు.

యుద్ధానంతరం వ్యాపారం మరింత వర్ధిల్లుతున్న వేళ ఊహించని పరిణామం ఎదురైంది. చలికాలంలో పల్లెదారులపై కూడా మంచును తొలగించాలని 1948లో క్విబెక్ ప్రభుత్వం నిర్ణయించింది. ప్రజలకు ఇంతకన్న మేలు లేదు. వైద్యుడు తన కారులోనే రోగి ఊరికి చేరగలడు. పద్నాలుగేళ్ళ క్రితం ఆ ఏర్పాటే ఉంటే వాల్కూర్ నుండి షెర్‌బ్రూక్‌కు దారి తెరచి ఉండేదేమో. ఆర్మాండ్ కంపెనీకి మాత్రం ఆ నిర్ణయం పిడుగుపాటు అయింది. దారులు తెరచుకున్నాక మంచుపై నడిచే పెద్దబండి ఎవరికి కావాలి? ఒక్క ఏడాదిలోనే అమ్మకాలు దారుణంగా పడిపోయాయి. ప్రజల కష్టం తీరడమే తన కష్టమైన ఆ విచిత్ర పరిస్థితిలో ఆయన నిస్పృహ చెందలేదు. పట్టాలతో మరే పనులు చేయించవచ్చునో యోచించాడు.

ఆలోచిస్తే పనులకు కొదువ లేదు. ప్రభుత్వ యంత్రం రహదారిని శుభ్రపరుస్తుందే కాని రైతు ఇంటిదారిలోకి రాదు. పైగా అది పక్కకు నెట్టిన మంచు ఇంటిదారి మొగలోనే గట్టుగా నిలుస్తుంది. ముప్పై మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల దారిపై అరమీటరు మంచు నిలిచిందనుకుంటే అది 45 ఘనమీటర్లు. తాజాగా కురిసిన పొడిమంచు ఘనమీటరుకు 100 కిలోలు తూగినా మొత్తం 45 క్వింటాళ్ళు. నాలుగు రోజులు ఆగి గట్టిపడిన మంచు దానికి మూడింతలు తూగుతుంది. ఇంత బరువును పారతో ఎత్తిపోయడం ఒంటరి మనిషికి ప్రాణాంతకమైన శ్రమ. టైర్ల ట్రాక్టరు తేలిక మంచును నెట్టగలదు. లోతు పెరిగిందంటే దాని చక్రాలు తిరుగుతాయి కాని బండి కదలదు. ముందువైపు ఇనుపరెక్కను బిగించుకున్న చిన్న పట్టాల వాహనానికి ఇక్కడే ప్రాముఖ్యం ఏర్పడింది. ఆ రెక్కను మంచునాగలి అనవచ్చు.

మన నాగలి నేలను చీల్చి మట్టిని పక్కకు తిరగవేసినట్లే, ఏటవాలుగా నిలిపిన ఈ రెక్క మంచును చీల్చి ఒక పక్కకు దొర్లిస్తుంది. లోతైన మంచును ఒక్కసారిగా నెట్టబోతే ముందు పోగుపడిన కుప్పే గోడయై తేలికబండిని నిలిపివేస్తుంది. అందువలన నేర్పరి అయినవాడు మొదట రెక్కను కొంత ఎత్తి పైపొరను తీస్తాడు. తరువాత క్రమంగా దించుతూ నేల వరకు చేరతాడు. దారి మధ్య నుండి అంచులకు సాలు వెంట సాలుగా వెడల్పు చేస్తాడు. తొలిమంచు నాడే గట్లను వీలైనంత దూరానికి నెట్టి ఉంచుతాడు, ఎందుకంటే చలికాలపు చివరి మంచుకు కూడా చోటు కావాలి కదా. దారి అంచులు కనబడక గుంతలో పడకుండా శరత్కాలంలోనే ఇరువైపులా కర్రలు పాతి ఉంచుతాడు. ఆర్మాండ్ స్థాపించిన సంస్థ తయారుచేసిన చిన్న పట్టాల బండ్లు కాలక్రమంలో కెనడా నగరాల కాలిబాటలపై మంచును తొలగించే యంత్రాలుగా కూడా స్థిరపడ్డాయి. మంచుపై నడవడానికి పుట్టిన పట్టా, మంచును తొలగించే పనికి సైతం ఆధారమైంది.

పట్టా ప్రయోజనం మంచుకే పరిమితం కాదని ఆయన ఇతర రంగాల్లో కూడా నిరూపించాడు. 1940ల చివర, రైతులు టైర్ల ట్రాక్టరుకే తొడుగుకొని బురదలో నడుపుకోగల పట్టాల అమరికను రూపొందించాడు. దమ్ము చేసే వేళ మన రైతు ట్రాక్టరుకు ఇనుప కేజ్ వీల్స్ బిగించడంలోని అవసరమే దీని వెనుకనూ ఉన్నది. 1953లో మస్కెగ్ అనే ట్రాక్టరును తయారుచేశాడు. ఉత్తర కెనడాలోని చిత్తడి నేలలకు గల పేరే దానికి పెట్టాడు. మనిషి నడిస్తే దిగబడే ఆ నేలల్లో అడవిపనులకు, చమురు అన్వేషణకు, విద్యుత్తు తీగల నిర్మాణానికి ఆ యంత్రం తోడ్పడింది.

ఇంత చేసినా ఆర్మాండ్ యౌవనస్వప్నం ఒకటి మిగిలే ఉన్నది. ఒకరిద్దరిని మోసుకుపోగల చిరువాహనం నిర్మించాలన్నది ఆ స్వప్నం. తేలికైన ఇంజన్లు లభ్యమయ్యాక, పెద్దకుమారుడు జెర్మేన్ తోడ్పాటుతో అతుకులేని వెడల్పాటి రబ్బరు పట్టా సిద్ధమయ్యాక ఆ కల ఫలించింది. 1959లో తొలి నమూనాలలో ఒకదానిని ఉత్తర ఒంటారియోలోని ఆదిమవాసుల మధ్య సేవ చేస్తున్న తన మిత్రుడు, మతగురువు మారిస్ ఉయిమెకు అందజేశాడు. స్కీ–డూ అని పేరొందిన ఆ వాహనం తొలి ఏడాది 225 మాత్రమే అమ్ముడుపోయింది. అనతికాలంలోనే దాని గిరాకీ వేలకు పెరిగింది. వేటగాళ్ళకు, మారుమూల ప్రాంతాల ఉద్యోగులకు ఉద్దేశించిన ఆ పనిబండిని ప్రజలు వినోదవాహనంగా కూడా ఆదరించారు. శతాబ్దాలుగా నిర్బంధకాలమైన శీతకాలం పల్లెలకు విహారకాలం కూడా అయింది.

ఆ విజయాన్ని పూర్తిగా చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. క్యాన్సరు వ్యాధితో 1964 ఫిబ్రవరి 18న షెర్‌బ్రూక్ నగరంలో, 56వ ఏట మరణించాడు. కుమారుని చేర్చలేకపోయిన ఆ నగరంలోనే ఆయన జీవితం ముగిసింది. ఆయన పేరు ధరించిన సంస్థ తరువాతి కాలంలో రైళ్ళు, విమానాలు నిర్మించే స్థాయికి ఎదిగింది. గుజరాత్‌లోని సావ్లీలో అది నెలకొల్పిన కర్మాగారంలో తయారైన పెట్టెలు ఢిల్లీ మెట్రో మార్గాలపై నడిచాయి. స్కీ–డూ తయారీ 2003లో వేరొక సంస్థగా విడిపోయింది. రైలు విభాగం 2021లో ఫ్రాన్సు దేశపు ఆల్‌స్టమ్ సంస్థలో కలిసిపోయింది. వాల్కూర్‌లో ఆయన తొలి గ్యారేజీ నేటికీ ఒక ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది.

ఆర్మాండ్ బొంబార్డియర్‌కు విశ్వవిద్యాలయ పట్టా లేదు. తన ఊరి కష్టమే ఆయనకు పాఠ్యగ్రంథం, చిన్న గ్యారేజీయే ప్రయోగశాల. పన్నెండేళ్ళ వైఫల్యం, కడుపుకోత, కుప్పకూలిన వ్యాపారం – ఈ మూడింటిలో ఏదీ ఆయన చేతిలోని పనిముట్టును జారవిడువనీయలేదు. వాన వెలిసిన బాన్సువాడ పొలంలో కోతయంత్రం పట్టాల గుర్తులను వదులుతూ ముందుకు సాగుతున్నప్పుడు, ఎక్కడో మంచుదేశపు పల్లెలో ఒక తండ్రి తన బిడ్డ కోసం సకాలంలో వేయలేకపోయిన దారి గుర్తుకు రాక మానదు. ఆ దారిని ఆయన ఇతరుల బిడ్డల కోసం వేశాడు.